మారిన్ మోకాలు పట్టుకుని కూలబడితే మనవాళ్లకి సంతోషమేంటి?

షటిల్_సత్తిబాబు
2024 ఆగస్టు 4, పారిస్ ఒలింపిక్స్, బ్యాడ్మింటన్ మహిళల సింగిల్స్ సెమీస్. స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్ మొదటి గేమ్ 21-14తో కొట్టేసింది. రెండో గేమ్‌లోనూ ముందుంది. ఒక్క అడుగు తేడాగా పడింది, కుడి మోకాలు పోయింది. పట్టీ బిగించుకుని లేచి ఇంకో రెండు పాయింట్లు ఆడి, ఇక వల్లకాదని కోర్టులోనే కూర్చుని ఏడ్చింది. ఆ క్లిప్ ఇప్పుడు మళ్లీ తిరుగుతోంది. కింద తెలుగు కామెంట్లు చదవండి. "రియోలో అరిచిన అరుపులకి ఫలితం", "తిక్క కుదిరింది", వరసగా నవ్వు బొమ్మలు.

అసలు సంగతేంటంటే ఆ రోజుకి సింధు టోర్నీలోనే లేదు. ప్రీక్వార్టర్స్‌లోనే చైనా అమ్మాయి హీ బింగ్‌జియావో చేతిలో 21-19, 21-14తో ఓడిపోయింది. సెమీస్‌లో మారిన్ పడితే లాభపడింది కూడా ఆ బింగ్‌జియావోనే. అంటే మనకి దక్కింది నయాపైసా లేదు. మరి ఈ సంతోషం దేనికి?

నెట్‌కార్డ్
రియో బాకీ అండీ అది. 2016 ఒలింపిక్స్ ఫైనల్లో మారిన్ మీద సింధు ఆడింది, మొదటి గేమ్ 21-19 మనదే. తర్వాత 12-21, 15-21. పాయింటు పాయింటుకీ మారిన్ కేక, సర్వీసుకి ముందు ఆ షికారు. రెండు రాష్ట్రాలూ టీవీల ముందు కూర్చుని విన్నాయి. ఇన్నేళ్లయినా చెవుల్లోంచి పోలేదు, అంతే.

గచ్చిబౌలి_గ్యాలరీ
కేకకి మోకాలు శిక్షా అన్నా? గట్లయితే డబుల్స్ ఆడేటోళ్లలో సగం మందికి కాళ్లే ఉండయి.

మాటకి_మాట
సత్తిబాబు గారు రెండు వేరువేరు వాటిని ఒకే గాటన కట్టేశారు. "హమ్మయ్య" వేరు, "తిక్క కుదిరింది" వేరు. రేపు మనతో ఆడాల్సిన మనిషి ఇవాళ తప్పుకుంటే వచ్చేది హమ్మయ్య. అది దెబ్బ తగిలిందని కాదు, భయం తీరిందని. జ్వరం వచ్చి మానేసినా, వీసా రాక మానేసినా అదే హమ్మయ్య వస్తుంది. రెండోదానికి మాత్రం దెబ్బే కావాలి, వీసా రాకపోతే సరిపోదు. పారిస్ క్లిప్ కింద ఉన్నవన్నీ రెండో రకం.

షటిల్_సత్తిబాబు
వీసా లెక్క బాగుంది. ఇది కొలబద్దగా పెట్టుకోవచ్చు.

ఫిజియో_పద్మ
ఆ దెబ్బ ఎలాంటిదో తెలిస్తే నవ్వు బొమ్మ పెట్టడానికి వేలు రాదు. బ్యాడ్మింటన్‌లో ఏసీఎల్ (మోకాలి లోపలి ఒక ముఖ్యమైన లిగమెంటు) తెగే తీరు చాలాసార్లు ఒకేలా ఉంటుంది. షటిల్ బ్యాక్‌హ్యాండ్ వైపు వెనక మూలకి లేస్తుంది. ప్లేయర్ వెనక్కి వెళ్తూ గాల్లోకి లేచి తల మీదుగా కొట్టి ఒంటికాలి మీద దిగుతుంది. ఆ కాలు రాకెట్ చేతికి రెండో వైపుది. కుడిచేతి వాళ్లకి ఎడమ మోకాలు. మారిన్‌ది ఎడమచేతి వాటం కాబట్టి ఆమెకి ఆ బరువంతా కుడి మోకాలి మీద. 2019లోనూ కుడే, 2024లోనూ కుడే.

దిగే క్షణంలో మోకాలు సరిగ్గా వంగకుండా దాదాపు నిటారుగా ఉంటుంది, లోపలికి వాలుతుంది, బూటు మ్యాట్‌ని పట్టేస్తుంది, పైన ఒళ్లు మాత్రం తర్వాతి షాట్ కోసం తిరిగిపోతుంది. తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ పట్టి ఉంచే ఆ లిగమెంటు మెలిక తట్టుకోలేక తెగుతుంది. ఎదుటివాళ్లు తగలనక్కర్లేదు. చాలామంది "టప్" మని వినిపించిందంటారు. కొద్ది గంటల్లోనే లోపల రక్తం చేరి మోకాలు ఉబ్బుతుంది.

ఇక ఆ తర్వాత. వాపు తగ్గి కాలు పూర్తిగా చాపగలిగేదాకా సాధారణంగా ఆపరేషన్ చేయరు. తొడ వెనక కండరం స్నాయువు గానీ మోకాలి చిప్ప కింది స్నాయువు గానీ తీసి కొత్త లిగమెంటుగా వేస్తారు. చాలామందికి తెలియంది ఇక్కడే ఉంది: వేసిన గ్రాఫ్ట్ రోజురోజుకీ గట్టిపడుతూ పోదు. దానికి కొత్తగా రక్తనాళాలు పాకాలి, ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య అది మొదటికంటే బలహీనంగా ఉంటుంది. నొప్పి తగ్గింది కదా అని పరిగెత్తేవాళ్లు అప్పుడే పాడు చేసుకుంటారు. మూడు నెలలకి నెమ్మదిగా పరుగు, ఆరు నెలలకి దూకడం, దిశ మార్చడం, తొమ్మిది నెలలు నిండాక, అదీ తొడ ముందు కండరం బలం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉంటేనే మ్యాచ్. మారిన్ 2019 జనవరి 27న పడి, సెప్టెంబర్ 22కి చైనా ఓపెన్ ఫైనల్లో తై జు యింగ్‌ని ఓడించింది. ఎనిమిది నెలలు కూడా నిండలేదు. 2021లో ఎడమ మోకాలు, ఈసారి ఏసీఎల్‌తో పాటు రెండు మెనిస్కస్‌లు (మోకాలి లోపల మెత్తలా ఉండే మృదులాస్థి). మూడోది పారిస్‌లో.

నెట్‌కార్డ్
పద్మక్కా, కుడి ఎడమల లెక్క నిజంగా తెలియదు. నవ్వు బొమ్మ పెట్టినవాళ్లలో నేను లేను, కానీ పెట్టేవాణ్నేమో.

చుక్క_గుర్తు
పద్మ గారు తేదీలు ఇచ్చారు కాబట్టి ఎవరికీ నచ్చని మాట ఒకటి. సింధు ప్రపంచ ఛాంపియన్ అయింది 2019 ఆగస్టు 25, బాసెల్‌లో. మారిన్ అప్పుడు ఆపరేషన్ తర్వాత విశ్రాంతిలో ఉంది. అంతకుముందు ఏడాది నాన్‌జింగ్ ఫైనల్లో సింధుని 21-19, 21-10తో ఓడించింది ఆమే. టోక్యో ఒలింపిక్స్‌కీ మారిన్ లేదు, అక్కడ మనకి కాంస్యం. ఆ గెలుపుల పక్కన 'షరతులు వర్తిస్తాయి' అన్నట్టు చిన్న చుక్క పెట్టాలి.

యూసుఫ్‌గూడ_స్మాష్
వచ్చిండు చుక్కల సార్.

నెట్‌కార్డ్
చుక్క గారూ, బాసెల్ డ్రా ఒకసారి తిరగేయండి. క్వార్టర్స్‌లో తై జు యింగ్, మొదటి గేమ్ 12-21 పోయాక 23-21, 21-19. సెమీస్‌లో చెన్ యుఫే, 21-7, 21-14. ఫైనల్లో ఒకుహారా, 21-7, 21-7. ఈ ముగ్గురినీ వరసగా కొట్టినదాని పక్కన చుక్క పెడితే పెన్ను సిగ్గుపడుతుంది.

చుక్క_గుర్తు
నేను సింధుని తక్కువ చేయట్లేదు. హమ్మయ్య అనుకుంటే దాని బిల్లు తర్వాత వస్తుందంటున్నాను. ప్రత్యర్థి లేకపోతే గెలుపు సులువవుతుంది, చౌక కూడా అవుతుంది. బాసెల్‌కి చుక్క వద్దంటే సరే. మరి 2019 ఇండోనేసియా మాస్టర్స్?

గచ్చిబౌలి_గ్యాలరీ
గది మాత్రం నిజమే. పద్మక్క చెప్పిన జనవరి 27 గదే గదా. ఎదురుగా ఉన్నది మన సైనా. మొదటి గేమ్‌ల మారిన్ 10-4 లీడ్‌ల ఉండంగ మోకాలు పోయింది. టైటిల్ సైనాది. సైనా మొకం మీద గెలిచిన కళే లేదు ఆ రోజు. ఆమె మోకాలు గూడ రియోల గట్లనే సతాయించింది మల్ల, అందుకే ఎరుక.

మాటకి_మాట
ఇది గమనించదగ్గది. కోర్టులో ఎదురుగా నిలబడ్డవాళ్లకి హమ్మయ్య రావడం లేదు, ఇంట్లో సోఫాలో కూర్చున్నవాళ్లకే వస్తోంది. హీ బింగ్‌జియావో పారిస్‌లో రజతం తీసుకునేటప్పుడు పోడియం మీద స్పెయిన్ జట్టు పిన్ను చేతిలో పట్టుకుని నిలబడింది. మన కామెంట్ల పెట్టె ఆ సమయానికి కర్మ సిద్ధాంతం మీద ఉంది.

బెజవాడ_బౌన్సర్
మరీ అంత లేదు లెండి. ఆడేవాళ్లకీ వస్తుంది, బయటికి చెప్పరు, అంతే. ఒక్కోసారి చెప్పేస్తారు కూడా. 2025 జనవరి, సిడ్నీ టెస్ట్. బుమ్రా ఆ సిరీస్‌లో 13.06 సగటుతో 32 వికెట్లు తీశాడు. రెండో రోజు నడుము పట్టేసి బయటికి వెళ్లాడు. చివరి ఇన్నింగ్స్‌లో ఒక్క బంతీ వేయలేదు. ఆస్ట్రేలియా 162 కొట్టేసి సిరీస్ 3-1తో ఎగరేసుకుపోయింది. మ్యాచ్ అయ్యాక వాళ్ల ఓపెనర్ ఉస్మాన్ ఖవాజా దాచుకోలేదు. బుమ్రాకి దెబ్బ తగలడం బాధే గానీ, బతికిపోయాం అన్న అర్థంలో మైకు ముందే చెప్పాడు. దానికి మనవాళ్లు తిట్టారా? పెద్దగా లేదు. సిరీస్ అంతా అతను బుమ్రాకి ఎన్నిసార్లు దొరికాడో చూసినవాళ్లు ఎవరూ తిట్టలేరు.

మాటకి_మాట
ఖవాజాది శుద్ధమైన హమ్మయ్య. వీసా పరీక్షలో పాస్.

కొత్తపేట_కవర్‌డ్రైవ్
బుమ్రా నడుము గురించి ఎవరైనా వివరంగా చెప్పండి. నడుము పట్టేయడం అంటే మనింట్లో బిందె ఎత్తితే పట్టేస్తుంది చూడండి, అదేనా?

ఫిజియో_పద్మ
కండరం పట్టేయడం వరకైతే అదే జాతి. కానీ ఫాస్ట్ బౌలర్‌కి నడుము నొప్పి అనగానే డాక్టర్లు ముందు చూసేది ఎముకలో సన్న పగులు ఉందా అని. కుడిచేతి బౌలర్‌కి అది ఎక్కువగా నడుము కింది వెన్నుపూసల్లో ఎడమ వైపు వస్తుంది. ముందరి కాలు నేలకి తన్నే క్షణంలో నడుము వెనక్కి, పక్కకి, మెలిక తిరిగి మూడు రకాలుగా ఒకేసారి వంగుతుంది. మామూలు ఎక్స్‌రేలో మొదట్లో కనపడకపోవచ్చు, ఎంఆర్‌ఐ కావాలి. బుమ్రాకి 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో నడుముకి ఆపరేషన్ అయింది, ఆగస్టులో ఐర్లాండ్ మీద తిరిగొచ్చాడు. అందుకే సిడ్నీలో అతను నడుము పట్టుకోగానే అందరికీ గుండె జారింది. తర్వాత ఛాంపియన్స్ ట్రోఫీకి లేడు.

యూసుఫ్‌గూడ_స్మాష్
లేకున్నా కప్పు మనదే. చుక్కల సార్, దానికి ఏం గుర్తు పెడ్తరు? మన స్టార్ లేకుండ గెలిస్తే రెండు పూలు పెట్టాలె గదా?

చుక్క_గుర్తు
పెట్టాను. రెండు మందారాలు.

బెజవాడ_బౌన్సర్
హమ్మయ్య తొందరపడి అనుకోకూడదు అనడానికి 2025 ఇంగ్లాండ్ సిరీస్ చాలు. బుమ్రా ఐదు టెస్టుల్లో మూడే ఆడాడు, అది పనిభారం లెక్క. ఇంగ్లాండ్ వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. అతను లేని రెండు టెస్టులే మనం గెలిచాం. ఎడ్జ్‌బాస్టన్‌లో 336 పరుగులతో, ఆకాశ్ దీప్ మ్యాచ్‌లో 10 వికెట్లు. ఓవల్‌లో 6 పరుగులతో.

శాలిబండ_స్వింగ్
ఓవల్ అంటివి, ఇగ ఆగలేను. మా సిరాజ్ మియా. ఆ మ్యాచ్‌ల ప్రత్యర్థి దెబ్బ గురించి మాట్లాడాలంటే క్రిస్ వోక్స్ గురించి మాట్లాడాలె. మొదటిరోజు బౌండరీ దగ్గర ఫోర్ ఆపబోయి ఎడమ భుజం జారింది. ఇంగ్లాండ్‌కు ఒక సీమర్ తక్కువ. మిగిలిన ముగ్గురు సీమర్లే మనోళ్ల రెండో ఇన్నింగ్స్ 396 దాకా ఎక్కువ ఓవర్లు వేసుకుంట కూసున్నరు. గప్పుడు మనకు హమ్మయ్యనే, అబద్ధం ఎందుకు.

ఐదోరోజు పొద్దుగాల 35 పరుగులు, 4 వికెట్లు. ఇంకా 17 కావాలె అన్నప్పుడు తొమ్మిదో వికెట్ పడ్డది. వోక్స్ వచ్చిండు. ఎడమ చెయ్యి స్వెటర్ లోపల కట్టేసి ఉంది, బ్యాటు ఒక్క కుడిచేతిల. ఓవల్ల ఉన్న మనోళ్లు గూడ లేచి చప్పట్లు కొట్టిన్రు. ఒక్క బంతి గూడ ఆడలే ఆయన. అట్కిన్సన్ స్ట్రైక్ తనే ఉంచుకుంటుంటే ఈయన ఉరికిండు, ఉరికినప్పుడల్ల మొకం చూడాలె. ఆఖరుకు సిరాజ్ యార్కర్, అట్కిన్సన్ బౌల్డ్, 367 ఆలౌట్. ఆ మ్యాచ్‌ల సిరాజ్‌కు 9 వికెట్లు.

నెట్‌కార్డ్
సిరాజ్ ముందురోజు బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తొక్కిన సంగతి కూడా చెప్పండి మరి.

శాలిబండ_స్వింగ్
గది ఎందుకు ఇప్పుడు? 😐

లైన్_జడ్జి
వోక్స్ ఎందుకు పరిగెత్తాల్సి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. అంతర్జాతీయ క్రికెట్‌లో దెబ్బ తగిలిన బ్యాటర్ బదులు పరిగెత్తే రన్నర్‌ని 2011 అక్టోబర్ 1 నుంచి తీసేశారు. సబ్‌స్టిట్యూట్ ఫీల్డింగ్ చేయొచ్చు, 2017 నుంచి అంపైర్ ఒప్పుకుంటే కీపింగ్ కూడా చేయొచ్చు. అదే సిరీస్‌లో పంత్ వేలికి తగిలినప్పుడు జురెల్ కీపింగ్ చేసింది అలాగే. బ్యాటింగ్, బౌలింగ్ మాత్రం కుదరదు. తలకి దెబ్బ తగిలితేనే పూర్తి స్థాయి మార్పు. భుజం జారినా, కాలు విరిగినా మిగతా పదిమందే.

అదే సిరీస్‌లో మాంచెస్టర్‌లో పంత్ రివర్స్ స్వీప్ చేయబోయి కుడి పాదానికి తగిలించుకున్నాడు. బంతి వేసింది ఎవరు? వోక్స్. 37 దగ్గర బయటికి వెళ్లి, మర్నాడు కుంటుకుంటూ వచ్చి 54 దాకా ఆడాడు. అక్కడి జనం లేచి నిలబడ్డారు. ఇలాంటి దెబ్బలకి మారు ఆటగాడిని ఇవ్వాలని మన కోచ్ గంభీర్ అంటే, అది మరీ విడ్డూరం అని ఇంగ్లాండ్ కెప్టెన్ స్టోక్స్ కొట్టిపారేశాడు. వారం తిరక్కుండా స్టోక్స్ జట్టుకే వోక్స్ భుజం జారింది.

కొత్తపేట_కవర్‌డ్రైవ్
దీన్నే మనవాళ్లు కర్మ అంటారు. ఇది మాత్రం అనుకోవచ్చా సత్తిబాబు గారూ?

షటిల్_సత్తిబాబు
నియమం గురించి కాబట్టి అనుకోండి. భుజం గురించి వద్దు.

మొహాలీ_మరువను
రన్నర్ మాట వచ్చింది కాబట్టి ఆస్ట్రేలియాతో 2010 మొహాలీ టెస్ట్. లక్ష్మణ్ నడుము పట్టేసి, రైనా రన్నర్‌గా, అవతల ప్రజ్ఞాన్ ఓఝా మీద కేకలు, 73 నాటౌట్, ఒక్క వికెట్‌తో గెలుపు. తెలుగువాడికి ఇది భారతంలో పర్వం. కానీ మనం ఎప్పుడూ చెప్పుకోని ముక్క ఒకటుంది. ఆ ఛేజ్‌లో డగ్ బోలింజర్ 3 వికెట్లు తీసి మంచి ఊపులో ఉండగా పొట్ట కండరం పట్టేసి మైదానం వదిలి వెళ్లిపోయాడు. ఇషాంత్, లక్ష్మణ్ నిలబడింది ఆ తర్వాత. లక్ష్మణ్ నడుము మనకి కథ, బోలింజర్ పొట్ట మనకి గుర్తే లేదు. ఆస్ట్రేలియా వాళ్లని అడిగితే తిరగేసి చెబుతారు.

చుక్క_గుర్తు
మొహాలీ గారూ, ఇన్నాళ్లకి తోడు దొరికారు.

మొహాలీ_మరువను
చుక్క పెడితే చెయ్యి విరుస్తా. ఊరికే చెప్పాను.

యార్క్‌షైర్_తెలుగోడు
ఇక్కడి జనం గురించి ఒక మాట. ఇంగ్లాండ్ గ్యాలరీలు పెద్దమనుషులవని అందరూ అంటారు. సగం నిజం. 2023 లార్డ్స్‌లో ఆస్ట్రేలియా స్పిన్నర్ నాథన్ లయన్ పిక్క పట్టేసి, వరసగా నూరో టెస్టు ఆడుతున్నవాడు, పదకొండో నంబర్‌లో కుంటుతూ వస్తే నిలబడి చప్పట్లు కొట్టారు. అదే లార్డ్స్‌లో 2019లో ఆర్చర్ బంతి మెడకి తగిలి పడిపోయిన స్టీవ్ స్మిత్ తిరిగి బ్యాటింగ్‌కి వస్తే కొందరు బూ అన్నారు. కారణం 2018లో బంతిని శాండ్‌పేపర్‌తో గీకిన గొడవ. అంటే దెబ్బకి జాలి పడాలా వద్దా అన్నది ఆ మనిషి పాత ఖాతాలో ఏముందో చూసి తేలుస్తారు. నెట్‌కార్డ్ గారి రియో బాకీ కూడా అదే లెక్క.

స్మిత్ స్థానంలో వచ్చిన లబుషేన్ టెస్టుల్లో మొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్, అంటే తలకి దెబ్బ తగిలినవాడి బదులు వచ్చే ఆటగాడు. ఆ నియమం వచ్చింది ఆ నెల ఒకటో తారీఖునే. తర్వాతి హెడింగ్లీ టెస్టుకి స్మిత్ లేడు. అక్కడ స్టోక్స్ 135 నాటౌట్, ఒక్క వికెట్ గెలుపు. స్మిత్ ఆడి ఉంటే? అతను ఆ సిరీస్‌లో నాలుగు టెస్టులే ఆడి 774 పరుగులు చేశాడు. ఇక్కడ ఆ ప్రశ్న పబ్బులో అడగకూడదు.

బెజవాడ_బౌన్సర్
యాషెస్ (ఇంగ్లాండ్, ఆస్ట్రేలియా టెస్ట్ సిరీస్) అంటే 2005 ఎడ్జ్‌బాస్టన్ ఉండాల్సిందే. ఆస్ట్రేలియా బౌలర్ మెక్‌గ్రాత్ లార్డ్స్‌లో 9 వికెట్లు తీశాడు. రెండో టెస్టు పొద్దున వార్మప్‌లో నేల మీద పడి ఉన్న బంతి తొక్కి చీలమండ మెలిపెట్టుకున్నాడు. పాంటింగ్ టాస్ గెలిచి కూడా బౌలింగే తీసుకున్నాడు, ఇంగ్లాండ్ మొదటిరోజే 407. చివరికి గెలిచింది 2 పరుగులతో. మెక్‌గ్రాత్ లేని రెండు టెస్టులూ ఇంగ్లాండ్‌వే, సిరీస్ 2-1. బంతి తొక్కడం మీద జోకులు వేయని ఇంగ్లాండ్ అభిమాని లేడు. ఇరవై ఏళ్లు దాటింది, ఎవరికీ తప్పనిపించట్లేదు.

మాటకి_మాట
ఎందుకంటే అది అరటితొక్క తొక్కి పడటం లాంటిది. దెబ్బ ఎంత అన్నదానికంటే ఎలా తగిలిందన్నది నవ్వుని తేలుస్తుంది. మారిన్ క్లిప్‌లో ఏడుపు వినిపిస్తుంది. అయినా నవ్వారంటే పాత బాకీ అంత పెద్దదన్నమాట.

గుంటూరు_గూగ్లీ
పాకిస్తాన్ దగ్గరికి ఎవరూ రావట్లేదేం? 2022 ఆసియా కప్‌కి ముందు షాహీన్ మోకాలి దెబ్బతో తప్పుకున్నాడు. భారత టాప్ ఆర్డర్‌కి పెద్ద ఊరట అని వకార్ యూనిస్ ట్వీట్ చేస్తే, బుమ్రా, హర్షల్ లేకపోవడం మిగతా జట్లకి ఊరట అని ఇర్ఫాన్ పఠాన్ చురక వేశాడు. ఇద్దరు బౌలర్లు హమ్మయ్యని వేలంలో పెట్టినట్టుంది. ఇటు దుబాయ్‌లో ప్రాక్టీసు దగ్గర కోహ్లీ, పంత్, రాహుల్ వెళ్లి షాహీన్ మోకాలు ఎలా ఉందని పలకరించి వచ్చారు.

అదే ఏడాది నవంబర్ 13, మెల్‌బోర్న్, ఇంగ్లాండ్‌తో టీ20 ప్రపంచ కప్ ఫైనల్. షాహీన్ బ్రూక్ క్యాచ్ పడుతూ మళ్లీ అదే మోకాలి మీద పడ్డాడు. 16వ ఓవర్‌లో వచ్చి ఒక్క బంతి వేసి వెళ్లిపోయాడు. మిగతా ఐదు ఇఫ్తికార్ వేస్తే స్టోక్స్ ఫోర్, సిక్స్ దంచాడు. మ్యాచ్ అక్కడ తిరిగింది. మనం అప్పటికే సెమీస్‌లో ఇంగ్లాండ్ చేతిలో పది వికెట్లతో చితికి ఇంటికొచ్చేశాం. అయినా ఆ ఒక్క బంతికి మనవాళ్ల గ్రూపులు ఎంత సందడి చేశాయో అందరికీ తెలుసు. సత్తిబాబు గారి మొదటి ప్రశ్నే మళ్లీ. లాభం సున్నా.

నెట్‌కార్డ్
సున్నా ఎందుకండీ, వాళ్లకి కప్పు రాలేదుగా.

గుంటూరు_గూగ్లీ
ఇదిగో, ఈ నిజాయితీ కావాలి 😂

లైన్_జడ్జి
జాలి తగ్గడానికి ఇంకో కారణం అనుమానం. దెబ్బ నిజమా నాటకమా అని. బ్యాడ్మింటన్‌లో దానికి చోటు తక్కువ. ఆట ఆగకూడదు. 11 పాయింట్ల దగ్గర 60 సెకన్లు, గేముల మధ్య 120 సెకన్లు, అంతే. టెన్నిస్‌లోలాగా మెడికల్ టైమవుట్ లేదు. దెబ్బ తగిలితే అంపైర్ రెఫరీని పిలుస్తాడు, రెఫరీ అనుమతితో డాక్టర్ వచ్చి చూస్తాడు. స్ప్రే కొట్టి ఆడగలవా లేదా తేల్చుకోవాలి. ఊపిరి తీసుకోవడానికి ఆట ఆపడం నిబంధనలకే విరుద్ధం. ఆడలేకపోతే "రిటైర్డ్" అని ప్రకటిస్తారు, ఉన్న స్కోరు అలాగే రికార్డులోకి వెళుతుంది, ఎదుటివాళ్లకి పూర్తి గెలుపు. పారిస్‌లో మారిన్ కాంస్య పోరుకి రాలేకపోయింది కాబట్టి ఇండోనేసియా అమ్మాయి గ్రెగోరియాకి ఆడకుండానే పతకం వచ్చింది.

క్రికెట్‌లో అనుమానానికి బోలెడు చోటుంది. 2025 జనవరి 31, పుణె, ఇంగ్లాండ్‌తో టీ20. చివరి ఓవర్లో శివమ్ దూబే హెల్మెట్‌కి తగిలింది, కంకషన్ మార్పుగా హర్షిత్ రాణా వచ్చి 3 వికెట్లు తీశాడు. దూబే అప్పుడప్పుడూ మీడియం పేస్ వేసే బ్యాటర్, రాణా అసలైన ఫాస్ట్ బౌలర్. పోలికకి పోలిక ఎక్కడ అని అప్పటి ఇంగ్లాండ్ కెప్టెన్ బట్లర్ మండిపడ్డాడు. ఆ నిర్ణయం మ్యాచ్ రెఫరీది, దాని మీద అప్పీలు లేదు. తర్వాత ఐసీసీ నియమం బిగించింది. మ్యాచ్‌కి ముందే ఐదుగురి పేర్లు ఇవ్వాలి: ఒక కీపర్, ఒక బ్యాటర్, ఒక సీమర్, ఒక స్పిన్నర్, ఒక ఆల్‌రౌండర్. కంకషన్ అని తేలినవాడు కనీసం ఏడు రోజులు ఆడకూడదు. ఏడు రోజులు పోతాయంటే ఉత్తుత్తి తలనొప్పులు తగ్గుతాయి.

శాలిబండ_స్వింగ్
పుణెల మనోళ్లు ఎవ్వరూ దూబే తల గురించి అడగలే. అందరు రాణా వికెట్ల గురించే. ప్రత్యర్థి మోకాలు ఇడిచిపెట్టు, మన తల గురించే పట్టి లేదు.

కూత_కబడ్డీ
అందరూ బ్యాటూ రాకెట్టూ. మట్టి ఆట సంగతి ఒకటి వినండి. ప్రో కబడ్డీ తొమ్మిదో సీజన్, 2022. పవన్ సెహ్రావత్‌ని తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకి కొన్నారు, అప్పటికి అదే రికార్డు. మొదటి మ్యాచ్, గుజరాత్ మీద, రెయిడ్‌లో కాదు, డిఫెన్స్‌లో రైడర్‌ని పట్టబోయి మోకాలు పోయింది. సీజన్ అయిపోయింది. తెలుగు టైటాన్స్ అభిమానులు ఓ హమ్మయ్య వేసుకున్నారు. మరుసటి ఏడాది అదే పవన్‌ని 2.605 కోట్లకి కొన్నది ఎవరు? మన తెలుగు టైటాన్సే.

యూసుఫ్‌గూడ_స్మాష్
కథ ఆడనే ఆపు అన్నా, ప్లీజ్.

కూత_కబడ్డీ
ఆపను. పవన్ లేని తలైవాస్ ఆ సీజన్‌లో మొదటిసారి సెమీస్‌కి వెళ్లారు. పవన్ ఉన్న టైటాన్స్ పదో సీజన్‌లో 22 మ్యాచ్‌లకి 2 గెలిచి ఆఖర్న నిలిచారు. ఏడుగురు ఆడే ఆటలో ఒక్కడు పడితే అవతలివాళ్లు పడ్డట్టే అనుకుంటాం. తలైవాస్‌లో నరేందర్ కండోలా అని ఒక కుర్రాడు ఆ సందులోంచే లేచాడు. ఎదుటి జట్టు స్టార్‌కి దెబ్బ తగిలిందంటే, నీకు తెలియని ఇంకొకడికి తలుపు తెరుచుకుందని.

గచ్చిబౌలి_గ్యాలరీ
లబుషేన్ గూడ గట్లనే గదా. స్మిత్ మెడకు తగలకుంటే లార్డ్స్‌ల బెంచి మీదనే.

కొత్తపేట_కవర్‌డ్రైవ్
ఒక సందేహం. మన సింధుకి దెబ్బ తగిలినప్పుడు అవతలివాళ్లు ఇలాగే అన్నారా?

ఫిజియో_పద్మ
2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో ఎడమ చీలమండ దగ్గర ఎముక పగులుతో ఆడి స్వర్ణం గెలిచింది. దాని ఫలితంగా ఆ నెల్లోనే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి దూరమైంది, దాదాపు ఐదు నెలలు ఆట లేదు. ఎముక పగులు ఏసీఎల్ లాంటిది కాదు, ఒక్క క్షణంలో కనపడదు. వీడియో క్లిప్ ఉండదు. క్లిప్ లేకపోతే నవ్వు బొమ్మలూ తక్కువే.

మాటకి_మాట
డెన్మార్క్ ఓపెన్ 2023 సెమీస్ కూడా గుర్తుంచుకోండి. సింధు, మారిన్ ఇద్దరూ మాటామాటా అనుకుని ఇద్దరికీ పసుపు కార్డు పడింది. తర్వాత వాళ్లిద్దరూ కలిసిపోయారు. బాకీ మోస్తున్నది మనమే.

నెట్‌కార్డ్
సరే, ఒప్పుకుంటున్నా. వీసా పరీక్షలో నేను ఫెయిల్. మారిన్‌కి వీసా రాకపోతే నాకు ఏమీ అనిపించేది కాదు. కానీ ఒక్క ప్రశ్న. మారిన్ ఎప్పుడైనా ఎదుటివాళ్ల దెబ్బతో గెలిచిందా?

లైన్_జడ్జి
పారిస్‌కి ఐదు నెలల ముందే. 2024 మార్చి 17, ఆల్ ఇంగ్లాండ్ ఫైనల్, ఎదురుగా జపాన్ అమ్మాయి యమగూచి. మొదటి గేమ్ 26-24. రెండో గేమ్ 11-1 దగ్గర యమగూచి తుంటి నొప్పితో తప్పుకుంది. స్కోరు పక్కన "రిటైర్డ్" అనే ఉంటుంది.

చుక్క_గుర్తు
దానికి నేను చుక్క పెట్టను. 26-24 గేమ్ చూశాక చెయ్యి రాదు.

షటిల్_సత్తిబాబు
ఆ క్లిప్ కింద ఈ స్కోరు ఒక్కటి పెట్టి వచ్చాను. "కర్మ" అన్నవాళ్లు సంబరపడతారని తెలుసు, కానీ జరిగింది వేరు. యమగూచి అభిమానులెవరో వచ్చారు, జపనీస్‌లో ఏదో పొడుగ్గా రాశారు. దానికి మనవాడొకడు తెలుగులో జవాబిస్తున్నాడు. ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండానే నలభై కామెంట్లు దాటాయి.